కోనసీమ నుంచి సొంత కారులో స్పితి వెళ్లి రావడం ఎలా

అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు నుంచి సొంత కారులో హిమాలయాలకు వెళ్దామనుకునే కుర్రాళ్లు, కుటుంబాలు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. ఎవరిని కదిపినా ముందు వచ్చే ప్రశ్న, మొత్తం ఎన్ని కిలోమీటర్లు, ఏ బండి అయితే బాగుంటుంది అని. నేనైతే ముందు వేరే లెక్క వేసుకోమంటాను. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటున్నాం అన్న లెక్క. మన ఊళ్లు సముద్ర మట్టానికి పది మీటర్ల ఎత్తు కూడా ఉండవు, పుట్టినప్పటి నుంచి మన ఊపిరితిత్తులకు తెలిసింది ఈ గాలే. అలాంటి మనిషి వారం పది రోజుల్లో 4,000 మీటర్ల పైన టెంటులో పడుకోవాలంటే బండి కన్నా ముందు ఒళ్లు సిద్ధపడాలి. ఒంటికి కావాల్సింది టైము. మిగతా ప్లానంతా ఈ లెక్క చుట్టూనే అల్లుకోండి.

ఏ దారి, ఎటు నుంచి ఎటు

మొదటిసారి వెళ్లేవాళ్లు హిమాచల్‌లో టిబెట్ సరిహద్దు వెంట, కిన్నౌర్ జిల్లా, స్పితి లోయల గుండా సాగే దారి పెట్టుకోండి. సిమ్లా, నార్కండ, రాంపూర్, సాంగ్లా, కల్పా, నాకో, తాబో, కాజా, అక్కడి నుంచి కుంజుం కనుమ దాటి మనాలి. లదాఖ్ గొప్పదే, కాదనను, కానీ మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో రెండో రాత్రికే సర్చు లాంటి చోట 4,290 మీటర్ల ఎత్తులో పడుకోవాల్సి వస్తుంది. డెల్టా మనిషికి అది పెద్ద దెబ్బ. సిమ్లా వైపు నుంచి వెళ్తే ఎత్తు మెల్లగా పెరుగుతుంది, మధ్యమధ్యలో దిగుతుంది కూడా.

అందుకే సిమ్లా వైపు నుంచి లోపలికి, మనాలి వైపు నుంచి బయటికి. దీన్ని తిరగేయకండి. మనాలి అందరికీ తెలిసిన ఊరు కాబట్టి మనవాళ్లు చాలామంది అటు నుంచే మొదలుపెడతారు. మనాలి 2,050 మీటర్లు. పొద్దున్నే బయలుదేరి 4,551 మీటర్ల కుంజుం ఎక్కి ఆ రాత్రికి 3,650 దగ్గర ఉన్న కాజాలోనో, ఇంకా పైన చంద్రతాల్ సరస్సు దగ్గరో పడుకుంటే తలనొప్పి, వాంతులు రావడం మామూలే. ప్రాణం మీదకి వచ్చినవాళ్లూ ఉన్నారు. అదే మనుషులు, అదే బండి, రోడ్డు మాత్రం అటు నుంచి కాకుండా ఇటు నుంచి పట్టుకుంటే సగం బాధ ఉండదు.

ఎప్పుడు బయలుదేరాలి

వినాయక చవితికీ దసరాకీ మధ్య. చవితి అయిన వెంటనే బయలుదేరితే సార్వా ఊడ్పులు, మొదటి ఎరువులు అయిపోయి ఉంటాయి, కోతలకు ఇంకా టైముంటుంది. అక్కడ కూడా వానలు తగ్గుముఖం పట్టి, చలి ఇంకా గట్టిపడని రోజులు అవి. చంద్రతాల్ దగ్గర టెంట్లు అక్టోబరు మొదట్లోనే ఎత్తేస్తుంటారు కాబట్టి సెప్టెంబరు ఆఖరుకల్లా అక్కడికి చేరేలా చూసుకోండి. చవితి ఆలస్యంగా వచ్చిన ఏడాది ఒక్కరోజు కూడా ఆగకుండా బయలుదేరాలి.

జూలై, ఆగస్టు వద్దు. స్పితిలో వాన తక్కువే, వాన మబ్బుల్ని కొండలు అడ్డేస్తాయి. కానీ స్పితికి వెళ్లాలంటే కిన్నౌర్ దాటాలి కదా, అక్కడ కొండని అడ్డంగా తొలిచి వేసిన రోడ్డు మీద వానకి నానిన రాళ్లు జారి పడతాయి. 2021 ఆగస్టులో నిగుల్‌సరి దగ్గర కొండచరియ విరిగి బస్సు మీదే పడింది. స్పితి వైపు మాత్రం తక్కువా, 2023 జూలైలో చంద్రతాల్ దగ్గర వందల మంది మంచులో చిక్కుకుపోతే హెలికాప్టర్లతో, మంచు తీసే యంత్రాలతో బయటికి తీసుకొచ్చారు. దాళ్వా కోతలయ్యాక మే నెలలో ఖాళీగా ఉంటామనుకునేవాళ్లు కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి, అప్పటికి కుంజుం మంచు కింద మూసి ఉండొచ్చు. అప్పుడు వెళ్లిన దారినే వెనక్కి రావాలి.

మొత్తం మూడు వారాలు పెట్టుకోవాలి. అందులో రెండు రోజులు ఖాళీగా ఉంచండి, దేనికీ కేటాయించొద్దు. రోడ్డు తెగితే అవి ఖర్చవుతాయి, తెగకపోతే కాజాలో ఇంకో రోజు ఉండొచ్చు. రొయ్యల చెరువులు ఉన్నవాళ్లు మేత, ఏరేటర్లు చూసే మనిషిని పెట్టకుండా బయలుదేరకండి, స్పితిలో సగం చోట్ల ఫోన్ కలవదు, చెరువు దగ్గర ఏదైనా అయితే మీకు తెలిసేసరికి రెండు రోజులు గడిచిపోతాయి. అంత సెలవు దొరకనివాళ్లు, పెద్దవాళ్లు రాజమండ్రిలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీలో దిగి అక్కడ కలవొచ్చు. కారు తోలేవాళ్లు ఇద్దరుంటే చాలు.

బయలుదేరే ముందు నెల

మన డ్రైవింగ్ అంతా కాలవ గట్ల మీద, బల్లపరుపు రోడ్ల మీద. వంతెన ఎక్కడమే మనకి ఎత్తు. కాబట్టి ముందు రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్లండి, అక్కడి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్ రోడ్డు మీద ఒక పూటంతా ఎక్కుతూ దిగుతూ ఉండండి. సరదాకి కాదు, చెయ్యి తిరగడానికి. మలుపు మలుపుకీ హారన్ కొట్టడం, ఎక్కే బండికి దారివ్వడం, మలుపులో ఓవర్‌టేక్ చేయకపోవడం ఇక్కడే అలవాటు కావాలి.

అన్నిటికన్నా ముఖ్యం దిగడం. ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలన్నది కొండ డ్రైవర్లందరూ చెప్పే మాట. రెండో గేరులో వేసి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఆపుతుంది, బ్రేకు అప్పుడప్పుడు నొక్కి వదిలితే చాలు. న్యూట్రల్‌లో వదిలి దిగితే డీజిలు మిగులుతుందన్న మాట ఎవరైనా చెప్తే వినకండి. బ్రేకు మీదే కాలు పెట్టి పది కిలోమీటర్లు దిగితే ప్యాడ్లు కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. వాసన వచ్చిందంటే వెంటనే చోటు చూసి పక్కన ఆపి అరగంట వదిలేయండి, వేడి మీదున్న డిస్కుల మీద నీళ్లు మాత్రం పోయొద్దు. ఆటోమేటిక్ బండి ఉన్నవాళ్లు మాన్యువల్ మోడ్‌లోనో, ఎల్ లోనో దిగడం నేర్చుకోండి. క్లచ్ మీద కాలు ఆనించి తోలే అలవాటు ఉంటే అది కూడా ఈ ఘాట్‌లోనే మానుకోవాలి, ఎత్తు మీద ఆగినప్పుడు హాఫ్ క్లచ్‌తో నిలబెట్టకుండా హ్యాండ్ బ్రేక్ వేసి కదిలించడం ప్రాక్టీసు చేయండి.

బండి విషయానికొస్తే, ఫోర్ బై ఫోరే కావాలన్న నియమం లేదు. కింద ఎత్తు బాగా ఉన్న మామూలు కారు చాలు. బాగా కిందకి ఉండే సెడాన్ అయితే కాజా వరకు వెళ్లి అదే దారిన వెనక్కి రండి, కుంజుం వైపు పెట్టొద్దు. టర్బో లేని పెట్రోలు బండి ఎత్తు పెరిగేకొద్దీ నీరసపడుతుంది. కుంజుం మీద గాలి పలచన కాబట్టి బలంలో మూడో వంతుకు పైగా పోతుంది, అది బండి చెడిపోవడం కాదు, కంగారుపడి మొదటి గేరులోనే రొద పెట్టించకుండా, సామాను తక్కువ వేసుకుని నిదానంగా ఎక్కించండి.

మెకానిక్ దగ్గర చెప్పి మరీ చేయించాల్సినవి ఉన్నాయి. మన దగ్గర రేడియేటర్‌లో బోరు నీళ్లు కలిపేయడం అలవాటు, సముద్రం దగ్గర ఊళ్లలో అవి ఉప్పు నీళ్లు. అవన్నీ తీయించి కడిగించి, కంపెనీ చెప్పిన పాళ్లలో కూలెంట్ పోయించండి, లేకపోతే చంద్రతాల్ దగ్గర రాత్రి సున్నా డిగ్రీల కిందకి దిగినప్పుడు గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటితే మార్పించండి. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, మన కోస్తా గాలిలో తేమకి తక్కువేం లేదు, ఆ నీరే పొడవాటి దిగుడులో మరిగి బ్రేకు పనిచేయకుండా చేస్తుంది. బండిని లిఫ్ట్ మీద ఎత్తించి అడుగుభాగం మీరే టార్చి వేసుకుని చూడండి, ఉప్పుగాలికి సస్పెన్షన్ బోల్టులు, సైలెన్సర్ పట్టీలు తుప్పు పట్టి ఉంటే ఇక్కడే మార్చాలి. బ్యాటరీ మూడేళ్లు దాటితే నేనైతే కొత్తది వేయిస్తాను. స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ స్పానర్, పంక్చర్ కిట్, సిగరెట్ సాకెట్‌తో నడిచే గాలి పంపు, తాడు, జంపర్ కేబుళ్లు ఉండాలి. ఇంటి దగ్గర ఒకసారి మీ చేత్తో చక్రం విప్పి బిగించండి, ఇంట్లో ఇంకొకరి చేత కూడా చేయించండి.

మనుషులకు కూడా ఈ నెలే. రోజూ ఒక గంట గట్టిగా నడవండి. బీపీ, షుగరు, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరుతో మాట్లాడకుండా రావొద్దు. అసెటజోలమైడ్ మాత్ర గురించి అప్పుడే అడగండి, డయామాక్స్ అని అమ్మేది అదే. ఎత్తుకి ఒళ్లు త్వరగా అలవాటు పడటానికి సాయం చేస్తుంది, ఎక్కే ముందురోజు నుంచి మొదలుపెడతారు, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే డాక్టరుకి చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, ఎక్కువసార్లు ఒంటికి వెళ్లాల్సి రావడం దాని గుణమే.

కాగితాలు తొందరగా చెప్పేస్తాను. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్సు డిజిలాకర్‌లో ఉన్నా ఒక సెట్టు కాగితం మీద కూడా పెట్టుకోండి, సిగ్నల్ లేని చోట యాప్ తెరుచుకోదు. ప్రైవేటు బండికి వేరే పర్మిట్ అక్కర్లేదు, పర్వానూ దగ్గర హిమాచల్ ప్రవేశ రుసుము కడతారు. మన దేశస్థులకు ఈ దారికి ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే సరిహద్దు ప్రాంతంలోకి వెళ్లే అనుమతి, అవసరం లేదు, ఆధార్ చాలు. కానీ మన జిల్లాల్లో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు కదా, అక్కడి పౌరసత్వం తీసుకున్న అన్నయ్యో, అక్కడే పుట్టిన పిల్లలో మీతో వస్తుంటే వాళ్లకి పర్మిట్ కావాలి, ఓసీఐ కార్డు ఉన్నా సరే. కల్పా దగ్గరి రెకాంగ్ పియోలో (పియో అనేది ఈ ఊరినే) తీసుకోవచ్చు, ఆఫీసు పనిచేసే రోజున అక్కడ ఉండేలా చూసుకోండి.

సామాన్లు, తిండి

పల్చటి స్వెట్టరూ, శాలువా సరిపోవని వేరే చెప్పక్కర్లేదు. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున వణికిన చలి అక్కడ సెప్టెంబరు సాయంత్రానికే ఉంటుంది. ఒకటే మందపాటి కోటు కన్నా పొరలు పొరలుగా వేసుకోవడం నయం, లోపల థర్మల్స్, మధ్యలో ఉన్ని, పైన గాలి దూరని జాకెట్. చెవులు కప్పే టోపీ, గ్లవ్స్, చలువ కళ్లద్దాలు, పెదాలకు రాసుకునేది.

ప్రెషర్ కుక్కర్, చిన్న గ్యాస్ స్టవ్ తప్పకుండా పెట్టుకోండి. మన మనిషికి మూడో రోజుకి అన్నం లేకపోతే ఒళ్లు మొరాయిస్తుంది. కాజా ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, గిన్నెలో వండితే ఎసరు తెర్లుతూనే ఉంటుంది కానీ మెతుకు నడిమిన పలుకు ఒక పట్టాన పోదు, చాలాసేపు మంట పెట్టాలి. కుక్కర్‌లో మూత బిగించి మామూలు కన్నా రెండు మూడు కూతలు ఎక్కువ రానిస్తే మెత్తగా వస్తుంది. బియ్యం ముందు అరగంట నానబెడితే ఇంకా మంచిది. పప్పు ఇంటి దగ్గరే వేయించి పొడి చేసి తెచ్చుకోండి, ఆ ఎత్తులో ఉడికించాలంటే గ్యాస్ అంతా దానికే పోతుంది.

ఆవకాయ సీసా అంచు వరకు నింపొద్దు. ఇక్కడ బిగించిన మూత లోపల ఇక్కడి గాలే ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ బయట ఒత్తిడి తగ్గి లోపలి గాలి ఉబ్బుతుంది, నూనె మూత సందుల్లోంచి కారి బట్టల పెట్టె అంతా పాడవుతుంది. రెండు వేళ్లు ఖాళీ వదిలి, సీసాని నిలువుగా పెట్టి, నార్కండలో ఒకసారి, నాకోలో ఒకసారి మూత వదులు చేసి గాలి పోనిచ్చి మళ్లీ బిగించండి. చిప్స్ ప్యాకెట్లు బంతుల్లా ఉబ్బుతాయి, అవి చెడిపోయినట్టు కాదు. కందిపొడి, అటుకులు, బెల్లం, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఎంత ఉంటే అంత మంచిది. డబ్బు నోట్లుగానే తీసుకెళ్లండి, కాజాలో ఏటీఎం ఉన్నా దాన్నే నమ్ముకోవద్దు. ఫోన్‌లో బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ ఒకటి ఎవరో ఒకరి దగ్గర ఉండాలి, మ్యాప్‌లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

చండీగఢ్ దాకా

రావులపాలెం దగ్గర హైవే ఎక్కి విజయవాడ, హైదరాబాద్, అక్కడి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి. నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, అంబాలా. చండీగఢ్‌కి సుమారు 2,200 కిలోమీటర్లు, నాలుగు రోజులు. రోజుకి 550 దాటకండి, చీకటి పడకముందే గదిలో ఉండండి. నాగపూర్ దాటాక పెంచ్ అడవి గుండా వెళ్లేటప్పుడు జంతువులు కింద నుంచి పోవడానికి రోడ్డునే స్తంభాల మీద ఎత్తి కట్టారు, పిల్లలకు చూపించండి. రైల్లో వచ్చేవాళ్లని ఎక్కించుకునే పని లేకపోతే ఢిల్లీలోకి దూరకుండా తూర్పు వైపు ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా చుట్టి వెళ్తే పూట కలిసొస్తుంది. ఈ నాలుగు రోజుల గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు, ఒళ్లు అలసిపోకుండా చూసుకోవడమే పని.

కొండల్లో ఒక్కో రాత్రి

మొదటి రాత్రి నార్కండ, 2,700 మీటర్లు. సిమ్లాలో ఆగితే ట్రాఫిక్‌లో రోజు పోతుంది, దాటి వెళ్లండి. పొద్దున్నే లేచి కిందకి రాంపూర్ దిగుతారు, సట్లెజ్ ఒడ్డున, వెయ్యి మీటర్ల దగ్గర, మన ఎండలానే ఉంటుంది. అక్కడి నుంచి నది వెంటే పైకి. జ్యోరి దాటాక కొండని సొరంగంలా తొలిచి వేసిన రోడ్డు వస్తుంది, పైన రాయి చూరులా వంగి ఉంటుంది, తరండా మాత గుడి దగ్గర డ్రైవర్లందరూ ఆగి దండం పెట్టుకునే కదులుతారు, మీరూ ఆగండి. రాళ్లు పడతాయన్న బోర్డులున్న చోట మాత్రం ఫోటోలకు ఆగకండి. పాటలు ఆపి, అద్దం కొంచెం దించి పోతే పైన చిన్న రాళ్లు రాలే చప్పుడు ముందే వినిపిస్తుంది. ఆ చప్పుడు వస్తే ముందుకా వెనక్కా అన్నది తేల్చుకుని కదలాలి తప్ప అక్కడే నిలబడొద్దు.

కర్చమ్ దగ్గర కుడికి తిరిగి సాంగ్లా. 2,700 మీటర్ల దగ్గరే ఇంకో రెండు రాత్రులు. మధ్య రోజున 3,450 మీటర్ల చిత్కుల్ వెళ్లి రండి, బస్పా నది లోయలో అటు వైపు చివరి ఊరు, యాపిల్ తోటలు, చెక్క ఇళ్లు. పైకి వెళ్లి తిరిగి, కిందకి దిగి పడుకోవడం, ఒంటిని అలవాటు చేసే అసలు మందు ఇదే. తర్వాత కల్పా, 2,960. ఎదురుగా కిన్నర్ కైలాస్, తెల్లవారుజామున ఎండ ముందు ఆ శిఖరం మీదే పడుతుంది. పియో దగ్గర పవారీలో ట్యాంకు నిండా కొట్టించండి, మళ్లీ పంపు కాజాలోనే, 200 కిలోమీటర్ల దూరం.

కల్పా తర్వాత చెట్లు పోతాయి, మట్టి రంగు కొండలు మొదలవుతాయి. ఖాబ్ దగ్గర వంతెన మీదికి వచ్చేసరికి సట్లెజ్ కుడి చేతి వైపు టిబెట్ నుంచి, షిప్కీ లా కనుమ పక్కగా దేశంలోకి వస్తుంటుంది, స్పితి నది ఇటు నుంచి వచ్చి దాంట్లో కలుస్తుంది. గోదావరి అంత వెడల్పున చూసి పెరిగినవాళ్లకి ఒక పెద్ద నది ఇంత ఇరుకు గోడల మధ్య ఒరుసుకుంటూ పోవడం చూస్తే మాట రాదు. షిప్కీ లా వైపు కూడా 2025 జూన్ నుంచి మన పర్యాటకులను అనుమతించడం మొదలుపెట్టారు, వెళ్లాలనుకుంటే పియోలో అడిగి ఆ రోజు పరిస్థితి తెలుసుకుని వెళ్లండి. ఇదంతా సరిహద్దు ప్రాంతం. ఐటీబీపీ (సరిహద్దు పోలీసు) చెక్‌పోస్టుల్లో పేర్లు రాయించుకుంటారు. మిలిటరీ క్యాంపులు, వంతెనల ఫోటోలు తీయొద్దు, డ్రోన్ ఇంటి దగ్గరే వదిలేయండి.

నాకో 3,660 మీటర్లు. అక్కడ భోజనం చేసి చెరువు చుట్టూ నడిచి, తాబో దిగి 3,280 దగ్గర పడుకోండి. కల్పా నుంచి ఒకేసారి నాకోలో పడుకుంటే 700 మీటర్లు ఎగిరినట్టు, తాబో అయితే 300. 3,000 దాటాక రాత్రికి రాత్రికీ 500 మీటర్ల కన్నా పెరగకూడదన్నది డాక్టర్లు చెప్పే లెక్క. తాబోలో 996లో కట్టిన మట్టి గోడల మఠం ఉంది, లోపల గోడల మీద బొమ్మలకు వెయ్యేళ్ల వయసు, ఫోటోలు తీయనివ్వరు, టార్చి తీసుకెళ్లండి.

కాజాలో మూడు రాత్రులు. మొదటి రోజు ఎక్కడికీ వెళ్లొద్దు, బజారులో మెల్లగా తిరగండి. రెండో రోజు కీ మఠం, కిబ్బర్. మూడో రోజు లాంగ్‌జా, హిక్కిమ్, కోమిక్, ఇవి 4,400 నుంచి 4,587 మీటర్ల దాకా ఉన్న ఊళ్లు. హిక్కిమ్‌లో చిన్న పోస్టాఫీసు ఉంది, ఇంటికి కార్డు ముక్క రాసి వేయండి. సాయంత్రానికి కాజా వచ్చేయాలి. ఎదురైనవాళ్లకి "జూలే" అని చెప్తే చాలు, నవ్వి పలకరిస్తారు, టీ తాగి వెళ్లమంటారు.

తలనొప్పి మొదలైతే

కొంచెం తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర సరిగా పట్టకపోవడం చాలామందికి వస్తుంది. నీళ్లు బాగా తాగి, ఒక పారాసెటమాల్ వేసుకుని అదే ఎత్తులో ఉండిపోండి. తగ్గేదాకా పైకి వెళ్లకూడదు, ప్లాను పాడైనా సరే. మద్యం, సిగరెట్, నిద్రమాత్రలు ఆ రోజుల్లో పూర్తిగా మానేయాలి. పల్స్ ఆక్సీమీటర్ ఉంటే మంచిదే, కానీ అక్కడ అందరికీ అంకె తగ్గుతుంది, ఇంటి దగ్గరి 98ని ఊహించుకుని భయపడకండి, మనిషిని చూడండి.

మనిషిలో చూడాల్సింది ఏంటంటే, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు, దగ్గితే నురగలాంటి కఫం, పెదాలు నీలం పడటం, ఇది ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న గుర్తు. మాట తడబడటం, మగతగా ఉండటం, ఒక కాలి వేళ్లకి రెండో కాలి మడమ ఆనిస్తూ గీత మీద నడవమంటే తూలిపోవడం, ఇది మెదడు వాపు గుర్తు. ఇవి కనిపిస్తే తెల్లారేదాకా చూద్దాం అనొద్దు. కాజా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఉంటుంది, అక్కడికి తీసుకెళ్లి, వాళ్లు చెప్పినట్టు కిందకి దించండి. కాజా నుంచి దించడమంటే తాబో వైపు. మనాలి దగ్గర కదా అని కుంజుం మీదుగా తీసుకెళ్తే ఇంకో 900 మీటర్లు పైకి ఎక్కించినట్టు. ముసలివాళ్లు, పిల్లలు తమకి ఎలా ఉందో సరిగా చెప్పరు, "పర్లేదు" అంటారు, అందుకే పొద్దున, రాత్రి ఒక్కొక్కరినీ నడిపించి చూడటం ఒకరి బాధ్యతగా పెట్టండి.

కాజా నుంచి మనాలి

ఈ దారిలో కష్టమంతా ఇక్కడే ఉంది. కాజాలో డీజిలు నింపుకుని, రోడ్డు తెరిచి ఉందో లేదో పంపు దగ్గర టాక్సీ డ్రైవర్లని అడగండి, వాళ్లకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు. లోసర్ వరకు బాగానే ఉంటుంది, ఆ తర్వాత కుంజుం. పైన అమ్మవారి గుడి చుట్టూ బండితో ఒక ప్రదక్షిణ చేసి దిగడం అక్కడి ఆచారం. ఎక్కువసేపు ఉండకండి. దిగాక చంద్రతాల్, 4,250 దాకా ఉంటుంది. సరస్సు ఒడ్డున టెంట్లు వేయనివ్వరు, కొన్ని కిలోమీటర్ల ఇవతలే క్యాంపులు. కాజాలో ఎవరికైనా బాగోలేకపోతే ఈ రాత్రి వదిలేసి, తెల్లవారుజామునే కాజా నుంచి నేరుగా మనాలి పోండి. క్యాంపులో పడుకునేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేరులో పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి, చలికి హ్యాండ్ బ్రేక్ బిగుసుకుపోతుంది.

బాతల్ నుంచి గ్రాంఫూ వరకు చాలా మేర రోడ్డంటే రాళ్లే. దానికి అడ్డంగా వాగులు. ఆ నీళ్లు పైన కరిగే మంచు నుంచి వస్తాయి, కాబట్టి మన ఏరుల్లా వాన చూసి పెరగవు, ఎండ చూసి పెరుగుతాయి. పొద్దున ఏడు గంటలకు చీలమండ దాకా ఉన్న నీళ్లు మధ్యాహ్నం మూడింటికి బంపర్ ఎత్తుకి వస్తాయి. అందుకే చీకటితో లేచి బయలుదేరాలి. వాగు దగ్గరికి రాగానే బండిని నీళ్లలోకి దించకుండా ఆపి, ముందు బండి ఎటు నుంచి వెళ్లిందో చూడండి. నీళ్లు నురగలు కక్కుతూ ఎగిసిపడే చోట కింద రాళ్లుంటాయి కానీ లోతు తక్కువ, నున్నగా నిశ్చలంగా కనిపించే చోటే గుంట ఉంటుంది. మొదటి గేరు, ఒకే వేగం, మధ్యలో క్లచ్ తొక్కొద్దు, యాక్సిలరేటర్ వదలొద్దు, గేరు మార్చొద్దు. బండి మధ్యలో ఆగిపోతే వెంటనే మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి, ఇంజన్‌లోకి నీళ్లు పోయి ఉంటే లోపల రాడ్లు వంగిపోతాయి. తాడు కట్టి లాగించుకోవడమే. ఆ దారిలో ఆగిన బండిని వదిలేసి పోయేవాళ్లు ఉండరు, మీరు కూడా పోవొద్దు. దాటాక రెండు మూడుసార్లు బ్రేకు మెల్లగా నొక్కి ఆరబెట్టుకోండి.

గ్రాంఫూ దగ్గర తారు రోడ్డు కనిపిస్తుంది. రోహ్తంగ్ కనుమ ఎక్కకుండా కోక్సర్ వైపు దిగి, 2020లో తెరిచిన అటల్ సొరంగంలోంచి, 9 కిలోమీటర్లు, మనాలి వైపు బయటపడండి. ఆ రాత్రి మనాలిలో పడుకుంటే ఎన్నాళ్లకో గాఢంగా నిద్ర పడుతుంది.

తిరుగు దారి

మనాలిలో మర్నాడు పొద్దున్నే బయలుదేరొద్దు, బండిని లిఫ్ట్ ఎక్కించండి. చక్రాల బోల్టులు బిగించి, బ్రేక్ ప్యాడ్ల మందం చూసి, ఎయిర్ ఫిల్టర్ దులిపించి, అడుగున ఇరుక్కున్న రాళ్లు తీయించి, అలైన్‌మెంట్ చేయించండి. టైర్లలో గాలి మళ్లీ చూసుకోండి, పైన ఉన్నప్పుడు గాలి తీసి ఉంటే మైదానానికి దిగేసరికి గేజీలో ఐదారు పాయింట్లు తక్కువ చూపిస్తుంది, తక్కువ గాలితో హైవే మీద వంద వేగంలో పోతే టైరు వేడెక్కి పేలుతుంది. చండీగఢ్ నుంచి ఇంటికి నాలుగు రోజుల దారి, ఇల్లు దగ్గరపడుతోందని ఆఖరి రోజు రాత్రంతా తోలడం మనవాళ్లందరికీ ఉన్న అలవాటు. హైదరాబాద్‌లో ఆగి పడుకుని, పొద్దున్నే లేచి బయలుదేరండి, మధ్యాహ్నం రెండింటికల్లా రావులపాలెం వంతెన మీద ఉంటారు.